అవిసెపూల అంచు

మా మనుమరాలు రేణుక సెలవులకు వచ్చి, వచ్చిన పూటే నా మంచం అంచున కూర్చుని ఫోను తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టింది. "అమ్మమ్మా, జర గిది సూడు. ఏందో జెప్పు." అద్దాలు తుడుచుకుని చూశాను. ఎక్కడో, ఎవరో, నేల మీద ఆకులూ పూరెక్కలూ గింజలూ గుండ్రంగా, వరుస చుట్టూ వరుసగా పేర్చారు. పసుపు వరుస, ఎరుపు వరుస, ఎండుటాకుల వరుస. పని శుభ్రంగానే ఉంది. "దీన్ని మండల అంటరు. బయట దొరికినవాటితోనే చెయ్యాలె. చేసి గట్లనే ఇడిచిపెట్టాలె, గాలికి పోతది. మా బళ్ళె పిల్లలతోని చేయిద్దామనుకుంటున్న. కొత్తగుంది గద?" అంది. అది సంగారెడ్డి దగ్గర బడిలో పంతులమ్మ. పిల్లలకు ఏదో ఒక కొత్తది చూపించాలని దానికి ఎప్పుడూ తొందరే. నేను ఒకటే అడిగాను. "దీన్ని ఎవల ఎడ్లు తిన్నయి?" అది నన్ను ఎగాదిగా చూసింది. "ఎడ్లెందుకు తింటయి? గాలికి పోతది అంటున్న గద." గాలికి పోవడానికా ఇంత పని చేసింది అనుకున్నాను. ఎడ్లు తినకుండా అది ముగిసినట్టు ఎట్లా?

దానికి నోటితో చెప్పబోతే దగ్గు వచ్చి సగంలో ఆగిపోయింది. అందుకని రాస్తున్నాను. నాకు రాత ఆలస్యంగా వచ్చింది, మాట మాత్రం పుట్టినప్పటి నుంచీ ఉంది. కాబట్టి ఇది మాట్లాడినట్టే ఉంటుంది. నచ్చనివాళ్ళు పేజీ తిప్పుకోవచ్చు.

మాది జహీరాబాదే, స్టేషనుకు అవతలి వైపు. నిజాం కాలం. ఇంట్లో తెలుగు, సర్కారు కచేరీలో ఉర్దూ, బీదరు వైపు చుట్టాలు వస్తే కన్నడం. మూడూ కలిపితే తప్ప మా బాపుకు, అంటే నాన్నకు, ఒక్క మాట పూర్తయ్యేది కాదు. మా పొలం కోహీరు దారిలో ఉండేది. పై సగం ఎర్రచెలక, కింది సగం నల్లరేగడి. ఒక పక్క రైలు పట్టాలు. బీదరు బండి కూత వేస్తే పొద్దు నెత్తి మీదికి వచ్చిందని లెక్క, రొట్టెల మూట విప్పవచ్చని లెక్క. మాకు వేరే గడియారం లేదు. ఉన్నా చూడడం ఎవరికీ రాదు.

చలికాలం నడుమ వచ్చే అమావాస్యను మావైపు ఎల్లమాస అంటారు. పొలం పండుగ అది. ఆ రోజు ఊరంతా పొలాల్లో ఉంటుంది, ఊళ్ళో కుక్కలు తప్ప ఎవరూ మిగలరు. ఇంకా చీకటి ఉండగానే అవ్వ సజ్జరొట్టెలు కొట్టడం మొదలుపెట్టేది. మా అమ్మను మేము అవ్వ అనే పిలిచేవాళ్ళం. రెండు అరచేతుల మధ్య రొట్టె తిరిగే ఆ చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. పైన నువ్వులు అద్దేది. నువ్వు పెనం మీద చిటపటమంటూ వేగే వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే, ఎనభై దాటిన ఈ కాళ్ళు చెప్పుల కోసం వెతుక్కుంటాయి. ఇంకో పొయ్యి మీద బజ్జికూర. పచ్చి కందులు, అనపగింజలు, మెంతికూర, పాలకూర, చుక్కకూర, దొరికిన ఆకు దొరికినట్టు వేసి, చింతపండు పులుసు పోసి, శనగపిండి కలిపి చిక్కబెట్టేది. ఆ కుండను బండిలో ఒడిలో పెట్టుకుని కూర్చోవడం నా పని. కడుపుకు వెచ్చగా ఉండేది. బండి గుంతలో పడ్డప్పుడల్లా ఒక బొట్టు చేతి మీద చిందేది, ఆ బొట్టు ఎవరూ చూడకుండా నాకేదాన్ని. పొలంలో జొన్నచొప్పతో చిన్న గుడిసె కట్టి, అందులో ఐదు రాళ్ళకు సున్నం పూసి, ఎర్రటి జాజుమట్టితో బొట్లు పెట్టి నిలబెట్టేవాళ్ళు. వాళ్ళు పాండవులు. వాళ్ళకు పెట్టి, పైరు మీద కొంత చల్లి, అప్పుడు మనం తినాలి.

ఇంతవరకు అందరి పొలాల్లో ఉన్నదే. మా పొలంలో ఇంకొకటి ఉండేది. దాన్ని గీర అనేవాళ్ళం, బండి గీర అన్నట్టు. గుడిసె ముందు నేల చదును చేసి, పేడనీళ్ళు చల్లి, నడుమ ముల్లుకర్ర గుచ్చి, దానికి తాడు కట్టి చుట్టూ తిప్పి గీత గీసేవాళ్ళు. నిజం బండి గీర ఎంత ఉంటుందో అంత. ఆ గీతల్లో ఐదు రంగులు నింపాలి. నడుమ పచ్చటి శనగాకు. దాని చుట్టూ పసుపుపచ్చని కందిపూలు. ఆ చుట్టూ ఎర్రటి పుంటికాయ డొప్పలు, అంటే గోంగూర కాయల మీది రెక్కలు. ఆ తర్వాత జొన్నచేలో కలుపుగా మొలిచిన తెల్ల గునుగు. అన్నిటికంటే బయట, గీరకు ఇనుప పట్టా ఉంటుంది చూడండి, ఆ చోట నీలం. అవిసెపూలు. అవిసెగింజల నూనె తెలిసినవాళ్ళలో ఆ పువ్వును చూసినవాళ్ళు తక్కువ. గోరంత పువ్వు, ఐదు రెక్కలు, వానకాలం వెళ్ళాక ఆకాశం ఎట్లా ఉంటుందో ఆ నీలం.

ఈ పనికి మా బాపమ్మ, అంటే బాపు తల్లి, పెట్టిన కట్టుబాట్లు మూడే. మన గెట్టు లోపల పుట్టిందే గీరలో పడాలి. ఎద్దు తిననిది గీరలో పడకూడదు, కాబట్టి గులకరాళ్ళు, గురివింద గింజలు, రంగు ముగ్గు ఏవీ పనికిరావు. గీర పూర్తి కాకుండా ఎడ్లను విడవకూడదు. పూజ అయ్యాక పని ఎడ్ల మెడలు ఖాళీ చేసి ఆ గీర మీదికి తోలేవాళ్ళం. ఏడాదంతా నాగలి లాగిన ఎద్దు ఆ ఒక్కరోజు అలంకారం తినేది. "భూమి ఇచ్చింది భూమిని దున్నినోని నోట్లె పడాలె, గంతే," అనేది బాపమ్మ. ఇంతకు మించి ఆమె దేనికీ అర్థం చెప్పేది కాదు. అడిగితే నశ్యం పీల్చి తుమ్మేది.

బాపమ్మ చేతికి తొందర ఉండేది కాదు. గునుగును కాడతో సహా పెట్టేది కాదు, వేలితో దువ్వి, కంకి కొస ఒక్కటే పెట్టేది. ఆమె వేస్తుంటే నేను పక్కన గొంతుక్కూర్చుని అందించేదాన్ని. ఒక్క పువ్వు నా చేత్తో పెడతానంటే, "నువ్వు అందియ్యి," అనేది. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ అందించడమే. ఆ ఏడు మాత్రం ఎల్లమాసకు ఇరవై రోజుల ముందు ఆమె పశువుల కొట్టంలో జారి పడి కుడిచేయి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఎముకలు సరిచేసే మనిషి వచ్చి గుడ్డు సొన పూసి, వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టిపోయాడు. ఇంట్లో అందరూ అయ్యో అన్నారు. నేనూ అన్నాను. కానీ నిజం చెప్పాలంటే నా లోపల ఒక ఎద్దు గంట మోగింది. గీర ఇక ఎవరు వేస్తారు?

బాపు, "కోడలుపిల్ల ఏస్తది," అన్నాడు. మా అన్న పెండ్లి అయి ఆరు నెలలు. వదినె బీదరు అవతలి పిల్ల. "ఆడపిల్లకు నేర్పితే అత్తగారింటికి పట్టుకపోతది. కోడలు ఈడనే ఉంటది." బాపు మాటలో తప్పు లేదు. అందుకే నాకు ఎక్కువ మండింది. వదినె పొయ్యి దగ్గర నుంచే, "నాకు రాదు మామా. మా దిక్కు రాళ్ళు పెడతరు గని ఈ గీర లేదు," అంది. నేను రెండు పూటలు రొట్టె ముట్టలేదు. మూడో పూట బాపమ్మ కట్టు చేత్తో నా నెత్తి మీద ఒకటి పెట్టింది. "తిను. ఈ ఒక్కసారి నువ్వెయ్యి. మంచిగొస్తే నువ్వు ఈ ఇంట్ల ఉన్నన్నాళ్ళు గీర నీదే. వంకర పోయిందనుకో, వచ్చే ఏడు నుంచి మీ వదినె ఏస్తది, నువ్వు అందిస్తవు."

ఆ మాట విన్న దగ్గర నుంచి నా కాళ్ళు నేల మీద లేవు. రోజూ వాకిట్లో వేపపుల్ల గుచ్చి, తాడు తిప్పి, ఎండుటాకులతో గీర వేయడం, చెరపడం. కోళ్ళు వచ్చి చెదరగొడితే కోళ్ళను తరమడం. అవ్వ, "దీనికి గీర పట్టింది, దెయ్యం పట్టినా నయముండు," అనేది. పొలానికి పోయినప్పుడల్లా ఏ రంగు ఎక్కడ ఉందో చూసి పెట్టుకునేదాన్ని. శనగాకు కావలసినంత. కంది విరగబూసింది. గునుగు ఎండినా తెల్లగానే ఉంది. అవిసె మాత్రం మాకు గెట్టు పక్కన సన్నగా ఒక వరసే ఉండేది, ఇంటి నూనెకు సరిపోయేంత. ఉన్నంతవరకు పూలు బాగానే ఉన్నాయి.

ఇక్కడ నేను చేసిన పని వింటే మావైపు రైతు ఎవడైనా తల కొట్టుకుంటాడు. పండుగనాడు తొందర ఉంటుందని, ముందటి రోజు ఉదయమే పోయి మా అవిసె వరస మొత్తం, విరిసిన పువ్వు, విరియని మొగ్గ అనకుండా, కొసలన్నీ గిల్లి తెచ్చి, తడిగుడ్డలో చుట్టి నీళ్ళకుండ పక్కన పెట్టుకున్నాను. ఎంత తెలివిగలదాన్నో అని నన్ను నేనే మెచ్చుకున్నాను. అవిసెపువ్వు ఒక్కపూట పువ్వు. పొద్దున విప్పుతుంది, పొద్దు నెత్తికెక్కేసరికి రెక్కలు రాల్చేస్తుంది. అందించే పనిలో ఇన్నేళ్ళు ఉండి కూడా, ఆ పూలు పండుగనాడు పొద్దున్నే ఎందుకు కోసేవాళ్ళమో నేను ఒక్కసారీ అనుకోలేదు. తెల్లవారి బండిలో, బజ్జికూర కుండ వెనక దాచుకున్న గుడ్డ విప్పి చూస్తే నీలం లేదు. గుడ్డకు అంటుకున్న బూడిదరంగు తడి. మొగ్గలు అట్లాగే ముడుచుకుని ఉన్నాయి. గుడ్డ మళ్ళీ చుట్టి కుండ వెనక్కి తోశాను.

పొలం చేరాక అందరూ గుడిసె పనిలో పడ్డారు. నేను పరుగెత్తుకుని అవిసె వరసకు పోయాను. మొండి కాడలు. గెట్టు అవతల మాత్రం ఆకాశం దిగి కూర్చున్నట్టు ఉంది. అది రహీమా బీ చేను. ఆమె భర్త పోయాక కొడుకును పెట్టుకుని తానే సేద్యం చేయించుకునే మనిషి. ఆ ఏడు అర ఎకరం అవిసె వేసింది. ఆమెకూ బాపమ్మకూ ఒకప్పుడు నశ్యం డబ్బీ ఒకటే. రెండు వానకాలాల కింద వరద వచ్చి గెట్టు కొట్టుకుపోయింది. మళ్ళీ వేసినప్పుడు నీవైపు ఒక సాలు ఎక్కువ పోయిందంటే నీవైపు పోయిందని మాట మాట పెరిగి, అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఒక్క సాలు. నాగలి ఒక్కసారి గీసిన గీత. దానికోసం ఇద్దరు ముసలమ్మలు ఒకే గెట్టుకు చెరో వైపు రెండేళ్ళు ఎడమొహం పెడమొహంగా కలుపు తీశారు.

ఆమె గుడిసె చేనుకు ఆ చివర. ఎవరూ కనిపించలేదు. ఓణీ కొంగు పట్టి గెట్టు దాటాను. దోసెడు, ఇంకో దోసెడు, కొంగు నిండేదాకా పూలు తుంచాను. భయపడ్డానని రాస్తే బాగుంటుంది గానీ, భయం కంటే సంబరమే ఎక్కువగా ఉంది. అంత నీలం నా కొంగులో ఎన్నడూ లేదు.

గీర వేయడం మొదలుపెట్టాను. ఆ పని గురించి ఎంత రాసినా తనివి తీరదు. శనగాకు మీద చలికాలం పొద్దున పులుపు నీళ్ళు ఉంటాయి. చలికి పగిలిన వేళ్ళకు అది తగిలి చుర్రుమంటుంది. చురచురలాడుతున్న వేళ్ళతోనే పచ్చ నింపాను. కందిపూలు ఒకదాని మీద ఒకటి పడకుండా, అన్నిటి మొహం బయటికి పెట్టి తిప్పాను. డొప్పల ఎరుపు వచ్చేసరికి చేతులు వాటంతట అవే పోతున్నాయి. బాపమ్మ కట్టు చేయి మెడకు వేలాడేసుకుని దూరంగా రాయి మీద కూర్చుంది. వదినె మాత్రం ఎవరూ చెప్పకుండానే వచ్చి గొంతుక్కూర్చుని గునుగు కొసలు తుంచి అందించడం మొదలుపెట్టింది. నేను ఒక్కటి పెట్టేలోపు రెండు సిద్ధంగా ఉండేవి. "మల్లీ, గింత బిర్రబిగుసుకొని పెట్టకు, జర ఊపిరి తీస్కో," అంది. ఊపిరి తీసుకోవడం మరిచిపోయిన సంగతి అప్పుడు తెలిసింది. చివర నీలం తిప్పాను. తాడు గీసిన గీత మీద, సందు లేకుండా, పువ్వు పక్కన పువ్వు. మొదలుపెట్టిన చోటికి వచ్చి ఆఖరి పువ్వు పెట్టి లేచి నిలబడితే నాకే నమ్మకం కలగలేదు. ఎండలో ఆ నీలం మిగతా నాలుగు రంగులనూ గట్టిగా పట్టుకున్నట్టు ఉంది. వదినె కన్నడంలో ఏదో అని నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

బాపమ్మ లేచి వచ్చి చుట్టూ ఒకసారి తిరిగింది. నీలం దగ్గర వంగింది. "మన వరసల గిన్ని పూలున్నయా?" అంది. "ఉన్నయి," అన్నాను. గుటక కూడా మింగలేదు. తొమ్మిదేళ్ళ పిల్లకు అబద్ధం అంత నున్నగా రాకూడదు, వచ్చింది. బాపమ్మ నా మొహం చూసింది, గెట్టు వైపు చూసింది, పోయి రాయి మీద కూర్చుంది.

పూజ అయింది. అన్న రెండు ఎడ్లనూ విప్పుకుని వస్తున్నాడు. అప్పుడు గెట్టు మీద రహీమా బీ కనిపించింది. పైట నడుముకు చుట్టుకుని, చేతిలో పలుపు, పలుపు చివర ఆమె ఒంటికొమ్ము ఎద్దు సుల్తాన్. గెట్టు దాటి మా పొలంలోకి అడుగుపెట్టింది. రెండేళ్ళలో అదే మొదటిసారి. అన్న ఆగిపోయాడు. అవ్వ చేతిలో రొట్టె ఆగిపోయింది.

"లచ్చక్కా, మీ గీర మంచిగుంది," అంది రహీమా బీ.

బాపమ్మ ఆమెవైపు చూడకుండా బాపుతో అంది, "ఉంటది అని జెప్పు."

"మంచిగుండదా మరి, నా పూలాయె. పొద్దున మీ పిల్ల కొంగు నింపుకొని వస్తుంటే సూసిన. మీ ఎడ్లు నా పూలు తింటయి. నా ఎద్దు ఏం పాపం జేసింది?"

అందరి కళ్ళూ నా మీదికి తిరిగాయి. బాపమ్మ అడగనైనా అడగలేదు, చూసింది అంతే. "ఆడియే," అన్నాను, గెట్టు వైపు వేలు చూపించి. "మనయి నిన్ననే కోసిన. కరాబైనయి." గీర పోయింది అనుకున్నాను. వేసినది కాదు, ముందు ముందు వేయవలసినవన్నీ.

"ఏరు," అంది బాపమ్మ. "ఒక్కటి మిగలకుంట ఏరి ఆమె ఒళ్ళె పొయ్యి."

"ఏరి నాకిస్తే నేనేం జేస్కోవాలె? మళ్ళ కొమ్మకు అతుకవెడుదునా? పువ్వుకొక కాయ, కాయకిన్ని గింజలు. పోయింది పాయె," అంది రహీమా బీ.

"నా సాలు తిన్నప్పుడు నేనేమన్న అన్ననా?"

"అనలేదా? కోహీర్ సంతల దాక అన్నవు. నాకంటె ముందు నా చుట్టాలకు తెల్సింది."

బాపు పక్కకు తిరిగి మీసం సర్దుకున్నాడు. నవ్వు ఆపుకుంటున్నాడని నాకు అర్థమైంది. వంగి మొదటి పువ్వు తీయబోయాను. అప్పుడు వదినె నా చేయి పట్టుకుంది. పెండ్లయి ఆరు నెలలైనా బాపమ్మ ముందు గొంతెత్తి ఎరగదు. "అమ్మా, ఏరితే గీరకు పట్టా ఉండదు. పట్టా లేకుంట ఎడ్లను ఇడువొద్దని మీరే జెప్పిన్రు. ఏరకుంట గిట్లనే నిలవడితె పొద్దు నెత్తికొస్తది, పువ్వు రాలుతది," అంది. అన్నట్టే దూరంగా బీదరు బండి కూసింది. నేను కింద చూశాను. నీలం అంచున ఒకచోట రెక్కలు అప్పుడే ముడుచుకుంటున్నాయి.

బాపమ్మ మూడు కట్టుబాట్లలో ఒకటి నేను తెంపాను. మిగతా రెండూ నిలవాలంటే ఆమె మొదటిదాన్ని వదులుకోవాలి. చివరికి, "రానియ్యి నీ ఎద్దును. గని ముందు మా ఎడ్లు," అంది.

"నీలం బయటుంది లచ్చక్కా. ముందు బయటిదే గద తినాలె. నా ఎద్దు ముందు."

"పొలం ఎవలది?"

"పువ్వు ఎవలది?"

వాళ్ళిద్దరూ తేల్చుకునేదాకా ఆగే ఓపిక సుల్తాన్‌కు లేదు. శనగాకు వాసన తగిలింది. మెడ ఒక్కసారి విదిలించి, పలుపు రహీమా బీ చేతిలోంచి లాక్కుని, నీలం తొక్కుకుంటూ, తెలుపు తొక్కుకుంటూ, తిన్నగా నడుమ పచ్చలోకి పోయి మూతి పెట్టింది. అది చూసి మా ఎడ్లు అన్న చేతిలో ఆగలేదు. మూడు మూతులు, ఒక గీర. మొదట ఎవరు నవ్వారో తెలియదు. బాపమ్మ కట్టు చేత్తో పొట్ట పట్టుకుని నవ్వుతుంటే రహీమా బీ ఆమె భుజం పట్టుకుని నిలబడింది. నేను వేసిన గీర, నా మొదటి గీర, నా కళ్ళముందు చప్పరింపుల చప్పుడుతో పోతోంది. ఏడుపు వస్తుందేమో అని చూసుకున్నాను. రాలేదు. ఎద్దు నాలుక మీద ఒక అవిసెపువ్వు అంటుకుని ఉంది. నా పని అంత దూరం పోయిందని నాకు గంతులు వేయాలనిపించింది, వేశాను కూడా.

రహీమా బీ మాతోనే తింది. బజ్జికూర వేయించుకుని, "ఉప్పు జర తక్కువైంది," అని వంక పెట్టి, మూడుసార్లు వేయించుకుంది. ఇద్దరూ కలిసిపోయారని అనుకోకండి. ఆ సాలు గురించి వాళ్ళు బతికినన్నాళ్ళూ కొట్లాడారు, కాకపోతే ఎదురెదురుగా కూర్చుని, నడుమ నశ్యం డబ్బీ పెట్టుకుని కొట్లాడారు.

చేతులు కడుక్కున్నాక బాపమ్మ నన్ను పిలిచింది. "గీర మంచిగేసినవు. నీదే. గని దొంగతనం జేసినవు, నా మొహం మీద అబద్ధం ఆడినవు. అందుకే వచ్చే ఏడు నుంచి మనం అవిసె పెట్టం. ఏటేటా నువ్వే గెట్టు మీద నిలవడి, ఆమెను నోరిడిచి అడిగి తేవాలె. ఇయ్యకుంటె ఆ ఏడు గీర లేదు." నాకు దెబ్బలే నయమనిపించింది. దొంగతనానికి కాళ్ళు చాలు. అడగడానికి నోరు కావాలి, అది అంత నోరున్న నాకే ఎండిపోయింది. మరుసటి ఏడు గెట్టు మీద నిలబడితే రహీమా బీ నా గొంతు వినపడనట్టు రెండుసార్లు కలుపు తీసుకుంది. మూడోసారికి నడుము ఎత్తి, "ఎవల గీరకు?" అంది. "మీ సుల్తాన్ తినే గీరకు," అన్నాను. నవ్వి, తానే దిగి నా కొంగు నింపింది. ఝరాసంగం వైపు అత్తగారింటికి పోయేదాకా ఐదేళ్ళు అట్లా అడిగి వేశాను. పోయే ముందటి ఏడు తాడు వదినె చేతికిచ్చి నేను అందించాను. అప్పుడు ఆమె వంకరగా పెట్టిన కందిపూలను సరిచేయకుండా ఉండడం గీర వేయడం కంటే కష్టమైంది.

ఆ కాలం బంగారమని నేను అనను. నిండుగీర తాడుతో గీసి, ఐదు రంగులు సందు లేకుండా తిప్పిన ఆ చేతికి ఒక పలక ఇవ్వాలని మా ఇంట్లో ఒక్కరికీ తోచలేదు. అన్నకు ఇచ్చారు, వాడు దాన్ని పగలగొట్టాడు. నాకు యాభై దాటాక, ఆరేళ్ళ ఈ రేణుకే పలక పట్టుకుని వాకిట్లో కూర్చుంటే, పోయి పక్కన కూర్చుని, "నాకు గూడ జెప్పు," అని అడిగాను. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అడగడంలో నాకు సిగ్గు లేదు, అది గెట్టు మీదే అయిపోయింది. సున్న చుట్టడం ఒక్కటే నాకు ఎవరూ నేర్పనక్కరలేకపోయింది. ఇప్పుడు మా పొలం ఉన్నచోట ఇండ్ల ప్లాట్లు. ఎడ్లు లేవు, ట్రాక్టరు ఆకులు తినదు. అవిసెగింజలు మాత్రం ప్యాకెట్లో అమ్ముతున్నారు, ఒంటికి మంచిదని.

ఇదంతా రాసి రేణుకకు చదవమని ఇచ్చాను. అది చదవడం ముగియకముందే లేచి, "నడువు అమ్మమ్మా, ఇయ్యాల ఏద్దాం," అంది. వాకిట్లో దబ్బనం గుచ్చి దారంతో గీశాము. అది కుండీలోంచి రంగురంగుల క్రోటన్ ఆకులు తెస్తే, పశువు ముట్టనిది పెట్టొద్దని పారేయించాను. మెంతికూర, బంతిపూలు, ఎర్ర తోటకూర, ముల్లంగి తరుగు. నా వేళ్ళు వణికినా గుండ్రం గుండ్రంగానే వచ్చింది. నీలం దగ్గర ఆగాము. పక్కింటి గోడ మీద శంఖుపూల తీగ విరగబూసి మావైపు వేలాడుతోంది. వాళ్ళు వచ్చి మూడేళ్ళు. వాళ్ళ బండి మా గేటు ముందు పెడతారని మా వాళ్ళు మాట్లాడరు, మా నీళ్ళు వాళ్ళ వాకిట్లోకి పోతాయని వాళ్ళు మాట్లాడరు. రేణుక చేయి చాపింది. "మన దిక్కున్నయే గద," అంది.

"ఆగు," అన్నాను. కర్ర తీసుకుని గేటు దాటి పోయి వాళ్ళ తలుపు కొట్టాను. ఒకామె తలుపు సగం తెరిచి నిలబడింది, నీళ్ళ సంగతి తేల్చుకోవడానికి వచ్చానని అనుకున్నట్టుంది. నోరు విడిచి అడిగాను. ఆమె బయటికి వచ్చి, నా కొంగులోకి దోసెడు కోసి పోసింది. "ఇంకేమన్న కావాలెనా పెద్దమ్మా?" అంది. వాళ్ళ గేటు పక్కన మేక ఒకటి కట్టేసి ఉంది.

"దాన్ని గూడ పట్టుకరా," అన్నాను.